మూత తీయని మెరుపుదొర

మెరుపుదొర వస్తు సేకర్తల సంఘం వార్షిక సమావేశం దిగ్విజయంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కార్యదర్శిని నేనే కాబట్టి దిగ్విజయమని రాయాల్సిందీ నేనే.

మా చిన్నప్పుడు ప్రతి ఆదివారం టీవీలో మెరుపుదొర అనే సాహసవీరుడు వచ్చేవాడు. గుర్రమెక్కి కొండలు దూకేవాడు. ఆయన పేరుతో ఆ రోజుల్లో వచ్చిన బొమ్మలూ ఆటవస్తువులూ సేకరించే పెద్దమనుషులం పదకొండుమందిమి ఉన్నాం. మా నియమావళిలో ఒకటో నిబంధన: పెట్టె మూత తీయరాదు. తీసింది రెండో రకం. ఆడుకున్నది చెత్త. నా దగ్గరున్న ‘నిధి వేట’ ఆటకు కంపెనీవాళ్లు చుట్టిన కాగితం నేటికీ చెక్కుచెదరలేదు. లోపలేముందో నాకు తెలీదు. తెలీకపోవడమే నా ఘనత. దానికి చల్లగా ఉండే గది ఇచ్చి, మా అత్తగారిని హాల్లోకి మార్చాను. ఆవిడ ఎలాగూ మొదటి రకం కాదు.

ఈ ఏడు ముఖ్య అతిథిగా సాక్షాత్తూ మెరుపుదొర వేషం వేసిన నటుణ్ణే పిలిచాం. డెబ్బై ఎనిమిదేళ్లు. రెండు బస్సులు మారి వచ్చాడు. మా అధ్యక్షులు, వృత్తిరీత్యా పళ్ల డాక్టరు, ఆయన్ని ఎగాదిగా చూసి నా చెవిలో ఊదారు: "జుట్టు ఒరిజినల్ కాదండీ. మోకాలు కూడా రిపేరైనట్టుంది." నేను శ్రద్ధగా రాసుకున్నాను.

అధ్యక్షులు ఉపన్యసించారు: "మిత్రులారా! బాల్యాన్ని భద్రపరచడమే మన ఆశయం. బాల్యం మీద వేలిముద్ర పడనివ్వం!" అందరం చప్పట్లు కొట్టాం. చేతులకు గుడ్డ తొడుగులు వేసుకున్నందువల్ల చప్పుడు రాలేదు.

ముసలాయన హాల్లో ప్రదర్శనకు పెట్టిన నా ‘నిధి వేట’ పెట్టె ముందు ఆగిపోయాడు.

"దీనిమీద మొహం నాదేగానీ బాబూ, మాకొక్కటీ ఇవ్వలేదు. మా అమ్మాయి అడిగీ అడిగీ పెద్దదైపోయింది. తియ్యి, ఒక్క ఆట ఆడదాం."

ఒకప్పుడు ఆయన నాతో ఒక్క మాట మాట్లాడతాడేమోనని టీవీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నవాణ్ణి. నలభై ఏళ్లకు మాట్లాడాడు. ఆడదామన్నాడు. నా చెయ్యి తనంతట తానే ఆ కాగితం అంచుదాకా వెళ్లింది. పదిమంది సభ్యులు ఊపిరి బిగబట్టారు.

"క్షమించండి సార్. రూలొప్పుకోదు" అన్నాను.

"పోన్లే నాయనా."

ఆయన వెళ్లి మెట్లమీద కూర్చున్నాడు. మా ఆహ్వానపత్రం వెనక గళ్లు గీశాడు. రెండు గుండీలూ రెండు గులకరాళ్లూ పేర్చి, హాలు ఊడ్చే ఆవిడను పిలిచాడు. "అదుగో, దొంగాట! మళ్లీ వెయ్యండి తాతా!" అని ఆవిడ అరవడం, ఆయన పగలబడి నవ్వడం! సభాకార్యక్రమానికి తీవ్ర అంతరాయం.

అప్పుడు అధ్యక్షులకు స్ఫురించింది: మెరుపుదొర స్వహస్తాలతో గీసినది, లోకంలో ఒక్కటే ప్రతి! పరుగున వెళ్లాం. ఆట సగంలో ఉండగానే కాగితం, గుండీలు, రాళ్లు లాక్కుని గాజుపెట్టెలో బిగించాం. లాక్కున్నవాణ్ణి నేనే.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. నవ్వాక ఒకసారి లేచి, మంచి చుట్టాలొస్తే తీద్దామని అద్దాల బీరువాలో దాచిన ఆ కప్పుల్లో మీ ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా కాఫీ తాగారేమో కనుక్కోండి.