నాగమణి సీటు

ఆ ఆదివారం పొద్దున్న దుర్గారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నాగమణి తమ్ముడి గృహప్రవేశం పనులకని ముందుగానే ఆనందపురం వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేలోగా, చినవాల్తేరులోని తమ ఇంటి పెరట్లో పట్టా కప్పుకుని పడుకున్న పాత ఎస్టీమ్ కారుని రేసు కారుగా మార్చెయ్యాలి. చూశాక ఆమె నవ్వుతుందో తిడుతుందో అప్పుడు ఆలోచించుకోవచ్చు.

దుర్గారావు పోర్టులో క్రేన్ ఆపరేటరు. పాతికేళ్ళుగా ఓడల్లోంచి కంటైనర్లు ఎత్తి లారీల మీద దించుతున్నాడు. ఆ పనిలో తొందర పనికిరాదు. కోడిగుడ్ల బుట్ట దించినంత నెమ్మదిగా దించాలి. ఆ నెమ్మది ఒంటికి పట్టేసి, ఇంట్లో కాఫీ గ్లాసు కూడా చప్పుడు కాకుండా పెట్టేవాడు. అలాంటి మనిషికి, యాభై దాటాక, బతుకులో ఒక్కసారైనా వేగంగా వెళ్ళాలనిపించింది. ఆనందపురం అవతల మైదానంలో ఒక మోటారు క్లబ్బు వాళ్ళు పాత కార్లకి పోటీ పెడుతున్నారని ఫోన్లో చూశాడు. మట్టి దారి. ఒకసారికి ఒక్క కారే. తక్కువ సమయంలో చుట్టి వచ్చినవాళ్ళకి కప్పు. లైసెన్సు ఉంటే చాలు, వయసు పట్టింపు లేదు. ఆ చివరి మాట చదివాక అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బరువు తగ్గితేనే బండి పరిగెడుతుందని అతను చూసిన వీడియోలన్నీ ఒకే మాట చెప్పాయి. కాబట్టి స్పానర్లు తీసి బరువు తగ్గించడం మొదలెట్టాడు. ఏసీ ఊడదీశాడు. డోర్ల లోపలి అట్టలు, కింద పరిచిన కార్పెట్టు, డిక్కీలో స్టెప్నీ, అన్నీ తీశాడు. వెనక సీటు తీసుకెళ్ళి వరండాలో వేస్తే సోఫాలా బాగానే కుదిరింది. ఇక మిగిలింది ముందు ఎడమ సీటు. నాగమణి కూర్చునే సీటు. దాని బోల్టులు విప్పడానికి మాత్రం కొంచెం ఎక్కువసేపు పట్టింది. తుప్పు వల్ల కాదు. విప్పాలా వద్దా అని అతను చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ సీటుని గేటు పక్కన పెట్టి మంచినీళ్ళు తాగుతుండగా చేపల మామ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. జాలరిపేట నుంచి ఎన్నో ఏళ్ళుగా వాళ్ళ వీధికి చేపలు తెస్తున్న ముసలామె. మోకాళ్ళు పట్టేశాయని, ఒక్క నిమిషం కూర్చుంటానని ఆ సీట్లో కూలబడింది. కూర్చుని కళ్ళు మూసుకుంది. నిమిషం కాస్తా చాలాసేపయింది. రోజంతా తను బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని చేపలమ్ముతానని, సాయంత్రానికి నడుం నిలబడదని చెప్పింది. దుర్గారావు ఇంకేమీ ఆలోచించలేదు. ఆటో పిలిచి, సీటుని ఆమెతో పాటు ఎక్కించాడు. ఆటోవాడు ఎవరికి దించాలని అడిగినప్పుడే తెలిసింది, ఆమె పేరు అప్పాయమ్మ అని. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఆమెని పేరడగలేదు.

మధ్యాహ్నం వెల్డింగు అతను వచ్చి, కారు బోల్తా పడినా తల నలగకుండా లోపల ఇనప పైపులు బిగించి వెళ్ళాడు. సాయంత్రానికి దుర్గారావు కారు కింద వెల్లకిలా ఉన్నాడు. పక్కింట్లోకి కొత్తగా అద్దెకి దిగిన తాతబాబు గోడ అవతల మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. అతనికి కారు కనపడలేదు, మనిషి కనపడలేదు. స్పానరు చప్పుడొక్కటే వినపడింది.

"ఏటి బావా, ఒక్కడివే ఉన్నావేటి? సెల్లెమ్మ లేదా?" అని పలకరించాడు.

"లేదు బావా. మణి సీటు జాలరిపేట అప్పాయమ్మకి ఇచ్చీసినాను. బరువు దిగిపోనాది. ఇప్పుడు పేణం తేలిగ్గుంది," అన్నాడు దుర్గారావు కారు కింద నుంచి.

తాతబాబు మంచివాడు. పరాయి సంసారంలో తలదూర్చే రకం కాదు. కానీ ఆ ఇల్లు అతనికి అద్దెకి కుదిర్చింది నాగమణి తమ్ముడు గోపి. ఆ కృతజ్ఞత ఊరుకోనివ్వలేదు. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి గోపికి ఫోను చేశాడు. గోపి చేతులు సున్నంలో ఉన్నాయి. అందుకని ఫోను స్పీకర్లో పెట్టి పలికాడు. మీ అక్క సీటు మీ బావ జాలరిపేటలో అప్పాయమ్మకి ఇచ్చేశాడట అన్న మాట, కొత్త ఇంట్లో ఇంకా సామాను చేరలేదేమో, ప్రతి గదిలోనూ మారుమోగింది.

అందరికన్నా ముందు నాగమణి మేనత్త కాశమ్మ గుమ్మంలో చతికిలబడి శోకం అందుకుంది. నాగమణి మాత్రం నవ్వింది. వంకాయలు కొనడానికే అరగంట ఆలోచించే మనిషి అంత పెద్ద నిర్ణయం తీసుకోగలడంటే ఆమెకి నమ్మకం కుదరలేదు. అత్త నోరు మూయించడానికి, అందరి ముందూ భర్తకి ఫోను చేసింది.

దుర్గారావు ఆ సమయానికి ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కంచం పట్టుకుని ఉన్నాడు. సీటిచ్చిన ఉపకారానికి అప్పాయమ్మ సొరచేప పులుసు వండి తెచ్చి, దగ్గరుండి వడ్డిస్తోంది.

"ఏటి సేత్తన్నారండీ?" అంది నాగమణి.

"ఏటీ లేదు. ఊరికే కూకున్నాను."

"తినీ బాబూ, సల్లారిపోతే బాగోదు," అంది అప్పాయమ్మ వెనక నుంచి.

ఆనందపురంలో కాశమ్మ శోకం ఠక్కున ఆగింది. ఎవరది అని నాగమణి అడిగింది. చేపల మామ్మ అని చెబితే పులుసు సంగతి చెప్పాలి. పులుసు చెబితే సీటు, సీటు చెబితే కారు. ఇన్ని చెప్పాక ఆశ్చర్యపరచడానికి ఏమీ మిగలదు. అందుకని దుర్గారావు టీవీ అన్నాడు. తొందరపడి రావద్దని, నువ్వొచ్చేసరికి అంతా సర్దేసి ఉంచుతానని కూడా ఎంతో ప్రేమగా చెప్పాడు.

నాగమణి ఫోను పెట్టేసింది. వాళ్ళ టీవీ రిపేరు షాపులో ఉంది. తీసుకెళ్ళి ఇచ్చింది ఆమే.

మర్నాడు పొద్దున్నే గోపి బంతిపూలు మార్కెట్టుకి వేసే వ్యానులో ముగ్గురూ బయల్దేరారు. దారి పొడుగునా కాశమ్మ ఆ అప్పాయమ్మని జుట్టు పట్టుకుని ఎలా ఈడవాలో, ఏ చేత్తో ఈడవాలో వివరిస్తూనే ఉంది. నాగమణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికి వద్దని, ముందు జాలరిపేటకే పోనిమ్మని మాత్రం చెప్పింది. ఆ మనిషిని చూడాలనుకుంది. తనలో లేనిది ఆమెలో ఏముందో తెలిస్తే చాలనుకుంది. అలా అనుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పూల ఘాటు పడడం లేదని తమ్ముడితో అంది.

జాలరిపేటలో అప్పాయమ్మ ఎవరని అడగాల్సిన పని కూడా పెద్దగా పడలేదు. పడవలు లాగి పెట్టిన చోటికి పైన, మలుపులో, జనం మూగి ఉన్నారు. వాళ్ళ మధ్య, ఇసకలో రెండు దుంగల మీద బిగించిన కారు సీట్లో, నడుం వెనక్కి వాల్చుకుని ఒక ముసలామె చేపలమ్ముతోంది. జుట్టంతా కలిపి ముడేస్తే నిమ్మకాయంత ఉంది. ఈడవడానికి కాశమ్మకి అక్కడ ఏమీ కనపడలేదు.

నాగమణి మొదట సీటుని గుర్తుపట్టింది. ఆ పూల గుడ్డ కవరు తను కుట్టినదే. తరవాత మనిషిని గుర్తుపట్టింది. వారానికి రెండుసార్లు తన గుమ్మంలోకి వచ్చే చేపల మామ్మ.

"రా అమ్మా," అంటూ అప్పాయమ్మ పక్కన చెయ్యి ఆనించుకుని మెల్లగా లేచింది. "ఇది నీ సీటంట కదా. కూకో."

నాగమణి కూర్చుంది. ఏం అడగాలో తెలియక, ఆయన ఇది ఎందుకిచ్చారని అడిగింది.

"నానూ అదే అడిగినానమ్మా, ఇంత మంచి సీటు ఏల పీకీసినావని. ఈ సీట్లో మా ఆవిడ కూకుంటే నాను బండి జోరుగా తోల్లేను మామ్మా, ఆవిడికేటైనా అవుద్దేమోనని బయం అన్నాడు. రేసులో జోరుగా తోలాలంట కదా. అందికే నిన్ను దించీసినాడు."

గోపి తలతిప్పుకుని సముద్రం వైపు చూశాడు. కాశమ్మ తట్టలో వంజరం ముక్కల బేరం మొదలెట్టింది. నాగమణి ఆ పూల గుడ్డ అంచు చేత్తో సర్దింది. తరవాత లేచి అప్పాయమ్మని కూర్చోబెట్టి, వెనక్కి వాల్చే మీట గట్టిగా ఉందని, దాన్ని పైకెత్తి లాగాలని చూపించింది. సీటు తిరిగి ఇమ్మని అడగలేదు.

ఇంటికొచ్చేసరికి పెరట్లో కారు నిలబడి ఉంది. లోపల పైపులు, ఒకే ఒక్క సీటు. డోరు మీద పెయింటుతో పెద్ద అంకె. దుర్గారావు బ్రష్షు పట్టుకుని, బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు. జాలరిపేట వెళ్ళొచ్చామని గోపి చెప్పాడు. ఎందుకెళ్ళారో కాశమ్మ చెప్పింది. అంతా విన్నాక దుర్గారావు బ్రష్షు డబ్బాలో పెట్టి, గోడ అవతల తాతబాబు ఇంటి వైపు చూసి, మళ్ళీ భార్య వైపు చూశాడు.

"నన్ను అలాగనుకున్నావేటి మణీ?" అన్నాడు.

"ఒక్క రాత్రి," అంది నాగమణి. "ఆ రాత్రి మాత్రం సానా పొడుగ్గుంది." ఆ తరవాత కారు చుట్టూ ఒకసారి నడిచి, అంకె వంకరగా ఉందని చెప్పింది. బ్రష్షు తీసుకుని తనే సరిచేసింది.

గృహప్రవేశం సవ్యంగా జరిగింది. ఆ మరుసటి ఆదివారం పొద్దున్నే దుర్గారావు రేసు కారు నడుపుకుంటూ, నాగమణి వెనకాల బస్సులో, ఆనందపురం మైదానానికి చేరారు. గోపి, కాశమ్మ అప్పటికే వచ్చి ముందు వరసలో చాప పరిచారు. క్లబ్బు మనిషి కారంతా తట్టి చూసి, బ్రేకులు చూసి, పైపుల పని మెచ్చుకుని, ఇక హెల్మెట్ పెట్టుకుని ఎక్కమన్నాడు.

అక్కడొచ్చింది చిక్కు. దుర్గారావు ఆరడుగుల మనిషి. వెల్డింగు అతను తల మీద పైపు ఎత్తు కొలిచినప్పుడు దుర్గారావు వట్టి తలతో, నిటారుగా, బుద్ధిగా కూర్చున్నాడు. హెల్మెట్ అప్పటికింకా కొనలేదు. ఇప్పుడు హెల్మెట్‌తో లోపలికి దూరితే తల పైపుకి కొట్టుకుంది. మెడ వంచాడు. ఒళ్ళో ఉన్న స్టీరింగు తప్ప దారి కనపడలేదు. కిందికి జారాడు. మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలాయి. హెల్మెట్ లేకుండా వెళ్తానని బతిమాలాడు. క్లబ్బు మనిషి మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. లైసెన్సున్న ఇంకెవరైనా ఉంటే పేరు మార్చుకోవచ్చని మాత్రం చెప్పాడు.

దుర్గారావు కారు దిగి, హెల్మెట్ తీసి, బానెట్టు మీద పెట్టి నిలబడ్డాడు. నాగమణి హ్యాండ్‌బ్యాగు తెరిచి లైసెన్సు తీసింది. ఒకప్పుడు దుర్గారావు కాలికి సిమెంటు కట్టు వేసినప్పుడు, ఆ కారులోనే అతన్ని రోజూ పోర్టులో ఆఫీసు డ్యూటీకి దింపి తెచ్చింది ఆమే. ఖనిజం లారీల మధ్య, షిఫ్టు మారే వేళ. ఐదడుగులు కూడా లేని ఆమెకి హెల్మెట్ పెట్టుకున్నా పైపుకీ తలకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. గోపి జర్కిన్ తొడుక్కుంది. కొంగు బిగించి దోపింది. దుర్గారావు వంగి బెల్టులు కట్టాడు.

"స్లోగా తోలు," అన్నాడు.

"రేసండీ ఇది," అంది నాగమణి.

జెండా ఊపగానే కారు ఎర్రటి దుమ్ము లేపుకుంటూ దూకింది. ఆమెకి ముందు వెళ్ళిన కుర్రాళ్ళు జోరుగా వెళ్ళారు గానీ మలుపుల్లో నిలబెట్టిన రబ్బరు గుర్తుల్ని పడగొట్టి సమయం పోగొట్టుకున్నారు. నాగమణి ఒక్కటీ ముట్టుకోలేదు. లారీల మధ్య సందు చూసుకున్నట్టే చూసుకుంది. ఎదురుగా ఎవరూ రారని తెలిసినా, ప్రతి మలుపులోనూ హారను కొట్టింది. జనం ఈలలు వేశారు. తాడు పక్కన నిలబడ్డ దుర్గారావు కుడికాలు ప్రతి మలుపుకీ దానంతటదే నేలని అదిమింది. పక్కసీట్లో కూర్చునేవాళ్ళు లేని బ్రేకు ఎందుకు తొక్కుతారో అతనికి మొదటిసారి తెలిసింది. కారు గీత దాటి ఆగేసరికి అతని చెప్పు మట్టిలో సగం దిగబడి ఉంది.

మూడో స్థానం కప్పు వచ్చింది. నాగమణి హెల్మెట్ తీసి, చెమటతో తడిసిన మొహంతో, పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతనెన్నడూ చూడని నవ్వు ఒకటి నవ్వింది. కప్పు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. కారంతా తయారుచేసింది మీరే కదా అంది. అతను దాన్ని చొక్కా అంచుతో తుడిచి చంకలో పెట్టుకున్నాడు. తరవాత ఇంటికి పోదామని, తాళం కోసం చెయ్యి చాచాడు.

నాగమణి తాళం ఇవ్వలేదు.

"ఇంకాసేపు తోలాలనుందండీ," అంది.

అలా అడిగాక అతను కాదనలేకపోయాడు. గోపి వ్యాను అప్పటికే పూల లోడుకి వెళ్ళిపోయింది. నాగమణి హైవే ఎక్కేదాకా, దూరంగా హారను వినపడినంతసేపూ, దుర్గారావు అక్కడే నిలబడ్డాడు. తరవాత ఆనందపురం జంక్షన్లో సిటీ బస్సు ఎక్కి, చంకలో కప్పు చూసి ఏ ఆటలో వచ్చిందని అడిగిన కండక్టరుకి కారు రేసని చెప్పి, చినవాల్తేరుకి టిక్కెట్టు తీసుకున్నాడు.