మిషన్ల గుసగుసలకు మంత్రిగారి కాపలా

"ఈ ఆసుపత్రిలో మిషన్లు మాట్లాడుకునే మాట ఇకమీదట మూడో చెవిన పడదు. పడితే నా పదవికి రాజీనామా చేస్తాను!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు గుండెజబ్బుల వార్డు నడిమధ్య నిలబడి ప్రకటించారు. మొదటి మాటకు పక్కనున్న ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. రాజీనామా మాటకు వార్డంతా కొట్టింది. లేవలేని పేషెంట్లు కూడా లేచి మరీ కొట్టారు.

ఆ ఘట్టాన్ని ఏడో బెడ్డు పక్కన స్టూలు మీద కూర్చుని కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది. బెడ్డు మీద మా మేనత్త. ఆవిడ తలవైపు రెండు మిషన్లు. మానిటర్ గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తుంది. పంపు చుక్కచుక్కగా మందు ఎక్కిస్తుంది. రెండూ తమ కబుర్లు వైర్ల మీదుగా వార్డు చివర నర్సమ్మ టేబుల్ మీది స్క్రీన్‌కు పంపిస్తాయి. ఏదైనా తేడా వస్తే అక్కడ అలారం మోగుతుంది.

చిక్కల్లా ఆ కబుర్లు ఎవరైనా వినొచ్చు. మిషన్లు చూసుకునే ఇంజనీరు ఒకరోజు బయట పార్కింగ్‌లో నిలబడి, తన ఫోన్‌లో నాలుగో బెడ్డు పెద్దాయన నాడి చూశాడు. తలుచుకుంటే పంపు వేగం కూడా మార్చేయొచ్చని రిపోర్టు రాశాడు. రిపోర్టు ఫైల్లో హాయిగా నిద్రపోయింది. పేపర్లో పడ్డాక లేచింది. మంత్రిగారు ఒక్క క్షణం వృథా చెయ్యకుండా కమిటీ వేశారు.

కమిటీకి పెద్ద ఒక కార్యదర్శిగారు. తొందరపాటు బొత్తిగా లేని మనిషి.

"ఏం చెయ్యాలంటావు?" అని ఇంజనీరును అడిగారు.

"అన్ని మిషన్లకూ కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఉంది సార్. ఒకటి రెండు మూడు నాలుగు. అది మార్చాలి. మిషన్ల వైర్లు విజిటర్ల వైఫై పెట్టెలోకే వెళ్తున్నాయి, అక్కణ్ణుంచి తప్పించాలి. రెండు గంటల పని."

"రెండు గంటలా?" కార్యదర్శిగారు నొచ్చుకున్నారు. "కమిటీ గడువు ఆర్నెల్లయ్యా!"

"ఇంకోటి సార్. అవతలిది అసలు మిషనో కాదో ప్రతి మిషనూ గుర్తుపట్టాలి. గుర్తింపు లేందే మాట్లాడకూడదు."

ఈ ముక్క కార్యదర్శిగారికి బ్రహ్మాండంగా నచ్చింది. మర్నాడే సర్క్యులర్ వచ్చింది. ప్రతి మిషనూ మూడు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, గెజిటెడ్ అధికారి సంతకంతో గుర్తింపు కార్డు పొందాలి. అంతవరకూ ఏ మిషనూ మరో మిషన్‌తో మాట్లాడరాదు. వైర్లు పీకేశారు.

ఫోటోగ్రాఫర్ వచ్చి, పంపు వెనక తెల్ల దుప్పటి పట్టుకోమని నాకు పురమాయించాడు.

"రెండు చెవులూ కనబడాలండీ," అన్నాడు అలవాటుగా.

"దానికి చెవుల్లేవయ్యా."

"అయితే దరఖాస్తులో రాయండి, లేవని."

రాశాను.

ఇక వార్డులో నర్సమ్మలే వైర్లు. "ఏడో నంబరు, నాడి తొంభై!" అని ఈ చివర ఒకరు అరిస్తే, "రాసుకున్నా!" అని ఆ చివర ఇంకొకరు అరిచేవారు. ఎవరి గుండె ఎంతలో ఉందో లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా తెలిసిపోయేది. మిషన్లు మాత్రం ఒక్క మాట జారలేదు.

పదో రోజు మధ్యాహ్నం అత్తయ్య మానిటర్ తనలో తాను కుయ్యోమంది. నాడి ముప్పై ఎనిమిది. ఆవిడ పెదవులు నల్లబడుతున్నాయి. "నర్సమ్మా!" అని అరిచాను. ఆ అరుపుల్లో నా అరుపు ఎవరికి వినబడుతుంది? వార్డు ఆ చివరికి పరుగెత్తి, నర్సమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆవిడ పంపు ఆపి, సూది పొడిచి, డాక్టర్ని పిలిపించింది. అత్తయ్య కళ్లు తెరిచి, "ఎందుకురా అలా రొప్పుతున్నావు?" అంది.

గుమ్మంలో నిలబడి ఇంజనీరు ఇదంతా చూశాడు. మర్నాడు కమిటీ భోజనానికి వెళ్లినప్పుడు వైర్లు కలిపాడు, పాస్‌వర్డు మార్చాడు, మిషన్లను వైఫై నుంచి తప్పించాడు. గంటా నలభై నిమిషాలు పట్టింది. కమిటీ ఇంకా పెరుగులోనే ఉంది. వార్డు చల్లబడింది. ఆ సాయంత్రం అత్తయ్య హాయిగా నిద్రపోయింది.

ఇంజనీరుకు మెమో వచ్చింది: గుర్తింపు కార్డుల్లేని మిషన్ల మధ్య అనధికార సంభాషణ జరిపించినందుకు. కార్యదర్శిగారు స్వయంగా విచారించారు.

"కొత్త పాస్‌వర్డు రాసివ్వు. ఫైల్లో పెట్టాలి."

"ఎవరికీ చెప్పకూడదు సార్. అందుకే దాన్ని రహస్యం అంటారు."

"కమిటీకి తెలియని రహస్యం రహస్యమెలా అవుతుందయ్యా? రాస్తావా, సస్పెండ్ చెయ్యమంటావా?"

పాపం, పదహారు అక్షరాలూ రాసి, కవర్లో పెట్టి, సీలు వేసి ఇచ్చాడు.

వారం తిరక్కుండా మంత్రిగారు విజయోత్సవ సభ పెట్టారు. కార్యదర్శిగారికి శాలువా కప్పారు. "మేం వేసిన తాళం ఎంత గట్టిదో ప్రజలకు తెలియాలి. మా ప్రభుత్వంలో దాపరికం లేదు!" అన్నారు.

మర్నాడు పొద్దున అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని పేపరు విప్పింది. మొదటి పేజీలో మంత్రిగారి ఫోటో, కింద ఆయన కార్యాలయం విడుదల చేసిన వివరాలు. మా పేపర్లో చనిపోయినవాళ్ల పేర్లు కూడా తప్పుగానే పడతాయి. ఇందులో మాత్రం పదహారు అక్షరాల్లో ఒక్క అచ్చుతప్పు లేదు. అత్తయ్య ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని పైకి చదివింది.

"కాస్త నెమ్మదిగా చదువమ్మా," అన్నాడు నాలుగో బెడ్డు పెద్దాయన. "రాసుకుంటున్నాను."