కదలని కాంటా

పొద్దున్నే కొత్త పద్ధతి మొదలుపెట్టి, మధ్యాహ్నం మాక్లూర్‌లో అమ్మ వండిన అన్నం తినాలని దీక్షిత అనుకుంది. బోధన్ దగ్గరి ఆ చక్కెర మిల్లులో చెరకు తూచే కాంటా ఒక్కటే. దానికి తూర్పున ఒక గేటు, పడమట ఒక గేటు, ఒక్కోదానికి ఒక్కో కంప్యూటర్. కిందటేడు రెండు ట్రాక్టర్లు ఒకేసారి కాంటా ఎక్కి గుద్దుకున్నాయి. ఆ గేట్లను నడిపే కొత్త ప్రోగ్రాం రాసి, ఇక ఎన్నటికీ అలా జరగదని తర్కసూత్రాలతో నిరూపించి మరీ వచ్చిందామె.

మీట నొక్కగానే తూర్పు గేటు "ముందు మీ బండిని వదలండి" అని పడమటి గేటుకు కబురంపింది. పడమటి గేటూ అదే కబురంపింది. రెండూ మర్యాదగా ఎర్రదీపాలు వేసుకుని కూర్చున్నాయి.

తూర్పు వరుసలో ముందున్న రాజమల్లు ట్రాక్టర్ మీంచి వంగి అడిగాడు. "మేడం, మాకెప్పుడిస్తరు దారి?"

"అవతలి బండి పోయినంక, అన్నా."

"అవతలాయన గూడ గట్లనే అంటుండు. నేను పోయినంకనట."

దీక్షితకు తన తప్పు తెలిసింది. చెడు ఎన్నడూ జరగదని నిరూపించింది గానీ, మంచి ఎప్పటికైనా జరిగి తీరాలని ఎక్కడా రాయలేదు. అసలెవరూ కదలకపోతే ఎవరూ గుద్దుకోరు మరి. చేత్తో ఎత్తుదామంటే గేట్లు కంప్యూటర్ మాటే వింటాయి. అలా కట్టించిందీ తనే.

ముందువాళ్లు "కాంటా నడుస్తలేదు" అన్నారు. వరుస మధ్యకొచ్చేసరికి అది "మిల్లు నడుస్తలేదు" అయింది. చివర రోడ్డు మీదున్నవాళ్లకు "మిల్లు మూసిండ్రు" అని చేరింది. వాళ్లు దిగి రోడ్డు మీదే కూర్చున్నారు.

మేడ మీంచి అది చూసిన మేనేజర్ భానుప్రసాద్ ఫోన్ చేశాడు. "ధర్నానా? ఏమడుగుతున్నరు?"

దీక్షిత ప్రోగ్రాం దిద్దుతూనే అంది. "అందరు ఎండల ఉన్నరు సార్. నీడ లేదు, తాగ నీళ్లు లేవు, నాకు జర టైం..."

"షెడ్డు, నీళ్లు. గంతేనా?" ఫోన్ పెట్టేశాడు.

ఆయన కిందికి దిగి, షెడ్డు వేయిస్తానని, నీళ్ల ట్యాంకు పెట్టిస్తానని అందరి ముందు మాటిచ్చాడు. ఏమీ అడగని రైతులు ముఖాలు చూసుకుని, కాస్త ఆలస్యంగా చప్పట్లు కొట్టారు. ఆ సందులో దీక్షిత ఇంకో నియమం చేర్చింది: ఎదురుచూసే ప్రతి బండికీ వంతు వచ్చి తీరాలి, రెండు గేట్లూ తగ్గితే తూర్పుదే ముందు. పచ్చదీపం వెలిగింది. రాజమల్లు బండి కదిలింది.

ఉద్యోగం పోయిందనే అనుకుందామె. భానుప్రసాద్ మాత్రం మీసం సవరించుకుంటూ వచ్చాడు. "చూసినవా? నేను మాటియ్యంగనే గేటు లేసింది."

సాయంత్రం ఖాళీ ట్రాక్టర్ పక్కకు ఆపి, రాజమల్లు గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, మా దిక్కు రోడ్డు గూడ ఖరాబున్నది. కాంటా మల్లెప్పుడు ఆపుతరు?"