మంత్రిగారి పక్కన నిలబడే పిల్ల

ఆ ఉదయం మబ్బులు వచ్చి, మా ఊరి మీద కాసేపు ఆగి, పక్క తాలూకాకు పోయాయి. మంత్రి ఖర్మాటే సాహెబ్ మాత్రం మాట తప్పకుండా మా హైస్కూలుకే వచ్చారు. పిల్లల "వద్దు"ను గౌరవించే తొలి జిల్లా మనదేనని ప్రకటించారు. ఆడపిల్లల కబడ్డీకి టెంపోలో మ్యాట్లు కూడా తెచ్చారు. మొరం నేల మీద ఆడి ఆడి మా పిల్లల మోకాళ్లు చెక్కుకుపోయి ఉన్నాయి. స్కూలు కమిటీలో ఉన్నాను కనుక నాకు ముందు వరసలో కుర్చీ దొరికింది.

"ఎవరైనా ముట్టుకుంటే, మీకిష్టం లేకపోతే ఏమనాలి?" అని మంత్రిగారు మైకులో అడిగారు.

"వద్దూ!" అని పిల్లలు అరిచారు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

తర్వాత ఫొటో. కబడ్డీ కెప్టెన్ సాయలి భుజం మీద ఆయన ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"వద్దు సాహెబ్," అంటూ సాయలి పక్కకు జరిగింది.

"భలే! ఎంత త్వరగా నేర్చుకుందీ!" అని మళ్లీ వేశారు.

"వద్దన్నాను కదా."

మంత్రిగారి వెంట వచ్చిన విద్యాధికారి వంగి చెప్పాడు. "పాఠం అయిపోయింది తల్లీ. ఇది ప్రోటోకాల్."

"చెయ్యి లేకుండా నిలబడతాను సార్."

"మరి ఆప్యాయత ఫొటోలో ఎలా పడుతుంది? మ్యాట్లు కావాలా, వద్దా?"

సాయలి టెంపో వైపు చాలాసేపు చూసింది. "మ్యాట్లు కావాలి. చెయ్యి వద్దు."

అధికారి చురుకైనవాడు. పదో తరగతి ఓంకార్‌ను లాక్కొచ్చాడు. మంత్రిగారి చెయ్యి పడగానే వాడూ మెలికలు తిరిగాడు.

"నాకూ వద్దు సార్."

"మగపిల్లాడివి, నీకు వద్దేమిట్రా? నీ పాఠం ఆడపిల్లల్ని అడగడం," అన్నాడు అధికారి.

"మరి నన్నెవరు అడుగుతారు సార్?"

పిల్లలు నవ్వారు. మంత్రిగారు నవ్వలేదు.

చివరికి వేదిక పక్కన ప్రచారానికి నిలబెట్టిన నిలువెత్తు అట్టబొమ్మ పిల్లను మోసుకొచ్చారు. ఆ అట్టపిల్ల "వద్దు" అన్నట్టు అరచెయ్యి అడ్డంగా చాచి నవ్వుతూ ఉంటుంది. మంత్రిగారు దాని భుజం చుట్టూ చెయ్యి వేశారు.

"చూడండర్రా, ఎంత బుద్ధిమంతురాలో!" అన్నాడు అధికారి.

ఫొటో చక్కగా వచ్చింది. కమిటీవాళ్లం చప్పట్లు కొట్టాం.

మ్యాట్లు దించలేదు. అట్టపిల్లకు గీతలు పడకూడదని వాటి మధ్య మెత్తగా పడుకోబెట్టి, టెంపో వెనక్కి తిప్పారు.

మంత్రిగారి కోసం చేసిన జొన్న భాకరీ రొట్టెలు, శనగపిండి పిఠలం కూర మిగిలిపోయాయి. వరండాలో సాయలి, పక్కన ఓంకార్, వాడి పక్కన నేను. తిన్నాం.