మీ కన్నీరు – మా కండువా

మా పద్నాలుగో వార్డులో ఇకమీదట ఎవరూ ఒంటరిగా ఏడవనక్కర లేదని శ్రీ ధనరాజు గారు శుక్రవారం ఉదయం పది గంటలకు ప్రకటించారు. కౌన్సిలరు అభ్యర్థిగా ఆయన పేరు ఖరారైన గంటలోపే ఈ ప్రకటన వెలువడడం విశేషం. పథకం పేరు ‘మీ కన్నీరు – మా కండువా’. వార్డులో ఏ ఇంట చావు జరిగినా అభ్యర్థి స్వయంగా వెళ్లి పార్టీ కండువాతో కన్నీళ్లు తుడుస్తారు. వీడియో ఉచితం.

రోడ్లు, కాలువలు, కుళాయిలు ఇస్తామన్నవాళ్లను మా ఊరు చాలామందిని చూసింది. వాటిలో చిక్కేమిటంటే, తరవాత జనం అడుగుతారు. దుఃఖంతో ఆ బాధ లేదు. సరఫరాకు అంతరాయం కూడా ఉండదు.

ఈ పథకానికి మొదటి లబ్ధిదారుణ్ణి నేను.

నేను మునిసిపల్ హైస్కూల్లో తెలుగు మాస్టారిని. పదకొండేళ్లుగా మా బూత్‌కు బి.ఎల్.ఓ.ని కూడా. అంటే ఓటర్ల జాబితా చూసేవాణ్ణి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లను చేర్పించాలి, చనిపోయినవాళ్లను తీయించాలి. చనిపోయినవాళ్లకు ఏడో నంబరు ఫారం. ఇప్పటికి రెండు వందలకు పైగా నింపాను. నా భార్య జగదీశ్వరి పోయి అప్పటికి ఇరవై మూడు రోజులు. ఆ ఒక్క ఫారం మాత్రం సొరుగులో ఖాళీగా ఉంది.

అభ్యర్థి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ధనరాజు గారు సాలూరులో లారీ క్లీనరుగా జీవితం మొదలుపెట్టారు. ఇప్పుడు మా ఊళ్లో ఆయన ఇంటి ముందు పదిహేను లారీలు ఆగుతాయి. అవన్నీ అత్తగారివి. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు, బయటికి రారు. అఫిడవిట్ ప్రకారం ఆయనకు సొంతానికి సైకిలు కూడా లేదు. ఇక చదువు. పోయిన ఎన్నికల అఫిడవిట్‌లో ఏడో తరగతి అని ఉంది. ఈసారి బి.ఏ. అని ఉంది. ఎన్నికలు ఒక మనిషిని ఇంతగా చదివిస్తాయని పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకే తెలియదు.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చారు. వెంట వచ్చినవాళ్ల చెప్పులు పక్కింటి గుమ్మం దాకా వెళ్లాయి. అందరికంటే ముందు వెంకీ లోపలికి వచ్చాడు. ప్రచారమంతా అతని చేతిలోనే ఉంది. ఒకప్పుడు నా విద్యార్థి. వ్యాసం రాయమంటే ముందు ముగింపు రాసేవాడు.

“మాస్టారూ, ఆ లైటెయ్యండి. మొకం సీకటిగా ఉన్నాది.”

వేశాను. ధనరాజు గారు నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

“ఏటైనాది మాస్టారూ?”

“గుండె.”

“ఎవలికి?”

వెంకీ ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

“అయ్యయ్యో! ఎంత మంచి మనిషండీ!” అని ఆయన కండువా తీసి నా కళ్లు తుడిచారు. కళ్లు పొడిగానే ఉన్నాయి. కండువా కొత్తది, గంజి పోలేదు. రుద్దిన కాసేపటికి నీళ్లు వచ్చాయి. ఆ విధంగా పథకం నెరవేరింది.

“ఇంకోపాలి మాస్టారూ. కొద్దిగా తల దించండి,” అన్నాడు వెంకీ.

మూడోసారికి బాగా వచ్చిందన్నారు.

ఎదురింటి చిన్నతల్లి ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆకుకూరలు అమ్ముతుంది, ఎవరికీ జడవదు. “ఆయమ్మ బతికున్నన్నాళ్లూ ఈ ఈది ఎక్కడున్నాదో నీకు తెల్దు. సచ్చిపోనాక దారి తెలిసినాదేటి బాబూ?” అంది.

ధనరాజు గారు చేతులు జోడించారు. “అందుకే వొచ్చినాను పిన్నీ. మీ ఇంట్లోనూ ఏదైనా జరిగితే ఒక్క ఫోను కొట్టు. ఎంటనే వొచ్చెస్తాను.”

వెళ్తూ వెళ్తూ వెంకీ శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఫోటో అడిగాడు.

జగదీశ్వరికి ఫోటోలంటే గిట్టదు. ఉన్న మంచిది ఒక్కటే. అరసవల్లిలో దర్శనమయ్యాక అక్కడి స్టూడియోలో తీయించుకున్నాం. ఆకుపచ్చ చీర. భుజం మీద చెయ్యి వెయ్యండి మాస్టారూ అని ఫోటో తీసే అతను అంటే నేను నాలుగు వేళ్లు మాత్రం ఆనించాను. అది చూసి ఆవిడకు నవ్వు వచ్చింది. ఓటరు కార్డుకు కూడా అందులోంచి ఆవిడ ముఖమే ఇచ్చాం. గోడ మీది ఆ ఫోటోను వెంకీ తన ఫోన్‌లోకి తీసుకున్నాడు.

మూడో రోజుకు జంక్షన్‌లో ఫ్లెక్సీ లేచింది. ధనరాజు గారు నిలువెత్తున ఉన్నారు. జగదీశ్వరి ఆయన మోచేతి దగ్గర ఉంది. నన్ను కత్తిరించేశారు గానీ, ఆవిడ భుజం మీది నాలుగు వేళ్లూ, మణికట్టూ, గడియారమూ తీయడం కుదరలేదట. అందుకని ఆ చేతికి ధనరాజు గారిని అతికించారు. గడియారం పట్టీ తెగితే జగదీశ్వరి నల్లదారంతో కుట్టింది. ఆ కుట్టు కూడా కనిపిస్తోంది. ప్రింటింగు నాణ్యతను మెచ్చుకోవాలి.

వారం తిరక్కుండా అదే చట్రంలో కొత్త ఫ్లెక్సీ వచ్చింది. అదే నవ్వు, అదే చెయ్యి. శ్రద్ధాంజలి మాత్రం లేదు. ‘మా పార్టీ దయవల్ల నాకు సొంత ఇల్లు వచ్చింది. ధనరాజు బాబు చల్లగా ఉండాలి. ఇట్లు, లక్ష్మీనరసమ్మ’ అని ఉంది. గరివిడి రోడ్డులో ఇంకో మూడు కట్టారు.

“ఏటి మాస్టారూ, అమ్మగారికి ఇల్లొచ్చినాదట. మాకొక్క మాట సెప్పనేదు!” అంది చిన్నతల్లి. అని, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను ఫ్లెక్సీ షాపుకు వెళ్లాను. యజమాని మురళీమోహన్ మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు.

“నాదేటి తప్పు మాస్టారూ? ఇల్లొచ్చినోల్ల ఫోటోలు పార్టీవోలు నలభై ఇచ్చినారు. ఒక్కరూ నవ్వట్లేదు. నవ్వే ఆడమనిషి ఫోటో నా కంప్యూటర్లో ఇదొక్కటే ఉన్నాది.”

వెంకీకి ఫోన్ చేశాను.

“బాధపడకండి మాస్టారూ, అమ్మగారి పేరు మార్చినాం కదా,” అన్నాడు.

ఇంటికి వచ్చి సొరుగు తెరిచాను. లక్ష్మీనరసమ్మ బతికితే బతకనీ. జగదీశ్వరిని మాత్రం నా చేత్తో, నియమం ప్రకారం, జాబితా నుంచి తీయించాలి. ఆవిడ కోసం నేను చేయగలిగిన పని అదొక్కటే మిగిలింది. క్రమసంఖ్య 412. కారణం అన్న చోట ‘మరణం’ అని రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. ధ్రువపత్రం జతచేసి ఆఫీసులో ఇచ్చాను.

ఇక్కడ రెండో అభ్యర్థి శ్రీ యుగంధర్ గారిని పరిచయం చేయాలి. ఆయన సత్యాన్వేషి. ప్రత్యర్థుల పూర్వాపరాలు తవ్వడమే ఆయన ప్రచారం. తన పూర్వాపరాలు తవ్వే శ్రమ ఎవరికీ ఇవ్వకుండా మూడుసార్లు పార్టీ మారారు. ప్రతి పార్టీ పాత కాగితాలు పారేసింది. ఆయన పత్రికలవాళ్లను పిలిచి, ఫ్లెక్సీని పెద్దది చేసి, గడియారానికి ఎర్ర సిరాతో సున్నా చుట్టి చూపించారు.

“అఫిడవిట్‌లో సొంతానికి ఏమీ లేదన్న ధనరాజు చేతికి ఈ గడియారం ఎలా వచ్చింది? ఆ పట్టీ మీది నల్లని గీత చూడండి. అది ఫారిన్ మోడల్!”

ధనరాజు గారు గంటలో జవాబిచ్చారు. “అది ఆ తల్లి లక్ష్మీనరసమ్మ నాకు పేమతో ఇచ్చినాది.”

“అయితే ఆవిడను జనం ముందుకు తీసుకురండి!”

“తెస్తాను. పోలింగు రోజున ఆయమ్మే మొదట ఓటేస్తాది. సూసుకోండి!”

ఒక మాస్టారిగా తప్పు దిద్దడం నా బాధ్యత అనిపించి యుగంధర్ గారి ఇంటికి వెళ్లాను. “బాబూ, ఆ చెయ్యి నాది. గడియారమూ నాదే. ఆవిడ నా భార్య, చనిపోయింది,” అని మణికట్టు చూపించాను.

ఆయన కుట్టును వేలితో తడిమి చూశారు. ముఖం వెలిగింది.

“మీకూ ఇచ్చేడా మాస్టారూ? ఇంకా ఎంతమందికి పంచేడు?”

మర్నాడు పేపర్లో ‘పద్నాలుగో వార్డులో గడియారాల పంపిణీ’ అని వచ్చింది. మధ్యాహ్నానికి ఎన్నికల తనిఖీ బృందం మా ఇంటికి వచ్చింది. జీపు, వీడియో కెమెరా, ముగ్గురు మనుషులు. చాలా పద్ధతిగా ప్రవర్తించారు. నా చేతి గడియారం విప్పి కవర్లో పెట్టి సీలు వేసి, రసీదు ఇచ్చారు. ‘గడియారం ఒకటి. పాతది. పట్టీకి కుట్టు ఉంది.’ అందులో ఒక్క అక్షరదోషం లేదు.

“ఎప్పుడు తిరిగి ఇస్తారు?” అని అడిగాను.

“ఎలక్షన్ అయిపోయాక అప్లికేషన్ పెట్టుకోండి సార్. ఇచ్చినవాళ్ల సంతకం కావాలి.”

నాలుగు రోజులకు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. మా సూపర్‌వైజర్ నారాయణమూర్తి గారు నెమ్మదైన మనిషి. నా ఫారం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

“మాస్టారూ, మీ ఫారం మీద అభ్యంతరాలొచ్చేయండి. రెండు.”

“ఎవరివి?”

“ఒకటి ధనరాజు గారి మనుషులది. బతికున్న ఓటరును తీసేస్తన్నారంటున్నారు. ఇంకోటి యుగంధర్ గారి మనుషులది. సాక్షిని మాయం చేస్తన్నారంటున్నారు.”

“మరణ ధ్రువపత్రం ఇచ్చాను కదండీ.”

“ఇచ్చేరు. నేను కాదన్లేదు. కానీ పత్రం మీద ఫోటో లేదు. జాబితాలో ఫోటో ఉంది, ఫ్లెక్సీలో ఫోటో ఉంది. రెండూ ఒకే ముఖం. పేరు తేడా అచ్చుతప్పని ఇద్దరూ అంటున్నారు. ఫ్లెక్సీలో ఆవిడకి మొన్ననే ఇల్లు కూడా వచ్చింది.” ఆయన గొంతు తగ్గించారు. “మీ ఇంటికి నేను పరామర్శకొచ్చేను, నాకు తెలీదా? కానీ మాస్టారూ, ఈ వార్డులో రెండు పార్టీలూ ఒప్పుకున్నది ఇదొక్కటే. దాన్ని నేనెలా కాదనేది?”

నిబంధన ప్రకారం ఓటరుకు నోటీసు ఇవ్వాలి. స్వయంగా హాజరై తన విషయం చెప్పుకోవాలి. నోటీసు అందజేయడం బి.ఎల్.ఓ. పని.

అందజేశాను. ఇంటికి తెచ్చి, గోడ మీది ఫోటో కింద స్టూలు మీద పెట్టాను. గాలికి ఎగరకుండా ఆవిడ కళ్లజోడు దాని మీద ఉంచాను. ‘అందుకున్నవారు’ అన్న చోట నేను సంతకం చేశాను. ‘ఓటరుతో సంబంధం’ అన్న చోట ‘భర్త’ అని రాశాను.

గడువులోగా ఆవిడ హాజరు కాలేదు. తాను చనిపోయినట్టు ఓటరు వచ్చి చెప్పనందువల్ల ఫారం తిరస్కరించడమైనదని ఉత్తర్వు వచ్చింది.

పోలింగుకు ముందు ఇంటింటికీ ఓటరు స్లిప్పులు పంచాను. 412 స్లిప్పు ఇవ్వవలసిన ఇల్లు మాది. అది నా చొక్కా జేబులోనే ఉండిపోయింది.

పోలింగు రోజున మా స్కూలే బూత్. గేటు పక్కన బల్ల వేసుకుని జాబితాతో కూర్చున్నాను. ఎండ బాగా పడుతోంది. టైము చూడాలని ఒకటి రెండుసార్లు చెయ్యి తిప్పాను. అక్కడ తెల్లటి చార మాత్రం ఉంది.

చిన్నతల్లి ఓటు వేసి వచ్చి సిరా వేలు చూపించింది. “ఎవలికేసినానో సెప్పను. ఇద్దరికీ శాపనార్థాలెట్టే ఏసినాను.”

ఆమె అటు వెళ్లగానే వెంకీ పరుగున వచ్చాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

“మాస్టారూ, అమ్మగారి ఓటు పడిపోనాది! మొట్టమొదటిది. పొద్దున్నే, మీరు బల్లేసుకోకముందే, లైన్లో నిలబెట్టకుండా పంపించేసినాం.”

“యుగంధర్ గారి ఏజెంటు ఏమీ అనలేదా?”

“ఏటంటాడు? ఆడే కదా ఆయమ్మ బతికున్నాదని రాసిచ్చినాడు!”

జాబితా తిప్పి 412 దగ్గర వేలు పెట్టాను. చిన్న పెట్టెలో ఆవిడ నవ్వుతోంది. అందులో నా వేళ్లు లేవు.

“వెంకీ.”

“ఏటి మాస్టారూ?”

“ఎలా ఉంది?”

“ఎవలు?”

“ఆవిడ.”

వెంకీ తల గోక్కున్నాడు. చిన్నప్పుడు జవాబు రాకపోతే అలాగే గోక్కునేవాడు. “బాగానే ఉన్నారు మాస్టారూ. ఆకుపచ్చ చీర కట్టుకున్నారు,” అని నా కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయాడు.

ఓటు వేసినవాళ్లు బయటికి వచ్చేది ఆ గేటులోంచే. పోలింగు ముగిసేదాకా నేను అటే చూస్తూ కూర్చున్నాను. నా డ్యూటీ కూడా అక్కడే.