సర్వరుకు జరిగిన సత్కారం

శుక్రవారం ఉదయం ఏడు గంటలకు కెలెపి మనసులో గీసుకున్న ప్రణాళిక ఎంతో నిరాడంబరమైనది. ఎనిమిదింటికి కొత్త సర్వరును ర్యాకులో బిగించాలి. తొమ్మిదింటికి మీట నొక్కాలి. పాత డిస్కులో దాచిన ఈ యేటి మార్కులన్నీ దానిలోకి ఎక్కించి, సాయంకాలం నాలుగు కొట్టేలోగా రాజధానిలోని పరీక్షల కార్యాలయానికి పంపివేయాలి. ఇందులో ప్రార్థనకు చోటు లేదు, ఉపన్యాసానికి లేదు, విందుకు అంతకన్నా లేదు. నడిసముద్రంలోని ఆ వవావు దీవిలో ఈ మూడూ లేకుండా పూర్తయిన పని ఇంతవరకు ఒక్కటీ లేదని అతనికి తెలియక కాదు. తెలిసే, ఈ ఒక్కటైనా అలా జరిగి తీరాలని పంతం పట్టాడు.

పంతానికి కారణం ఉంది. కొండమీది మిషను బడిలో యంత్రాల బాధ్యత యావత్తూ అతనిదే. క్రిందటి ఏడు సరిగ్గా ఈ గడువు నాడే పాత సర్వర్ ప్రాణం విడిచింది. ఆఖరి తరగతి పిల్లలు సంవత్సరమంతా పడిన శ్రమకు వేసిన మార్కులు సకాలంలో చేరక, ప్రతి పేరుకూ ఎదురుగా సున్నా పడింది. ఆనాటినుంచి చర్చిలో కెలెపి పలకరిస్తే మారు పలికిన తల్లి లేదు. ఈ యేడు నలభై ఒక్కమంది పిల్లలున్నారు. వాళ్ళ మార్కులు కూడా గంగపాలైతే ఆ దీవిలో తలెత్తుకుని తిరిగే యోగం తనకిక లేదని అతడు నిశ్చయించుకున్నాడు.

అసలే ముక్కుమీద కోపం కలవాడు. దానికి తోడు సర్వరును తేవలసిన ఓడ తొమ్మిది రోజులు ఆలస్యమై నిన్ననే రేవు చేరింది. ఆ తొమ్మిది రోజుల కోపాన్నీ అట్టపెట్టె మీద చూపి, దాన్ని రెండు చేతులా చీల్చి పోగులు పెట్టాడు. ఆ దీవి మర్యాద ప్రకారం నడుముకు కట్టుకున్న చాప ర్యాకు వెనక దూరడానికి అడ్డమైతే, దాన్నీ విప్పి మూల విసిరాడు. లెక్కల మాస్టారు తానియెలా సర్వరు రెండో కొస పట్టుకున్నాడు.

"సమంగా ఎత్తరా! పెండలం గడ్డనుకున్నావా?"

"పెండలమైతే ఇంత తిట్టించుకున్నాక ఉడకబెట్టుకు తినేవాణ్ణన్నా. దీన్నేం చేసుకోను?"

"నోరు కాదు, చెయ్యి ఆడించు! పట్టా గాడిలో పడలేదు. ఎడమకి! నీ ఎడమ కాదు, నా ఎడమకి!"

ఏమైతేనేం, సర్వర్ పట్టాలమీద జారి స్థానంలో కూర్చుంది. తీగలు తగిలించి మీట నొక్కగానే దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు ఝుమ్మన్నాయి, మార్కులు ఎక్కడం మొదలైంది. ఎక్కడం పూర్తయ్యేసరికి రెండు దాటుతుందని తెర చెప్పింది. కెలెపి కొంత తెరిపిన పడి, మధ్యాహ్నం తన పాఠం చెప్పుకోవడానికి వెళ్ళాడు. తాళం వేయలేదు. ఆ బడిలో తాళం వేయడమంటే సాటివారిని దొంగలనడంతో సమానం.

మూడు కావడానికి పది నిమిషాలున్నాయనగా తిరిగివచ్చి తలుపు తీసేసరికి సర్వర్ లేదు. ర్యాకు ఉండవలసిన చోట నిలువెల్లా న్గాతు కప్పుకున్న స్తంభమొకటి కనబడింది. చెట్టు బెరడును నెలల తరబడి దంచి, గోధుమరంగు గళ్ళు దిద్ది చేసే ఆ నారబట్టను పెళ్ళికొడుకులకూ, పోయిన పెద్దలకూ, దొరలకూ తప్ప కప్పరు. దాని లోపలినుంచి ఎవరో గొంతు నులుముతున్నట్టు కీచుమని శబ్దం వస్తున్నది. ప్రక్కనే నేలమీద శాలువా చుట్టుకుని మెలెనైతే అత్త ఆసీనురాలై ఉంది.

మెలెనైతే కెలెపికి స్వయానా మేనత్త, తండ్రికి పెద్ద అక్క. అక్కడి కుటుంబాలలో తండ్రి మాటకు పైమాట మేనత్తది. ఆమె ఎదుట మేనల్లుడు గొంతు పెంచడు, ఆమె ఉంచినదాన్ని చేత్తో తీయడు. ఈ ధర్మాన్ని తప్పినవాడు వారి వంశంలో అంతవరకు పుట్టలేదు.

"వచ్చావా? నడుముకి చాపేదిరా?" అంది అత్త.

"వెనక దూరాలని తీశానత్తా. ఇదీ... ఈ బట్టా..."

"మా అమ్మ చేతి బట్ట. మీ నాన్న పెళ్ళికి కూడా పెట్టెలోంచి తియ్యలేదు. చెయ్యేసి చూద్దును కదా, పాపం గజగజ వణికిపోతోంది! పరాయి దేశంనించి వచ్చినదాన్ని ఇంత చలిగదిలో సరైన బట్టయినా లేకుండా నిలబెడతావట్రా?"

"అది వణుకు కాదత్తా. ఫ్యాన్లు తిరుగుతున్నాయి."

"ఏదైతేనేం. కప్పాక చూడు, ఎంత సంతోషంగా పాడుతోందో!"

ఆ పాట పేరు అపాయ సూచిక. కెలెపి తెర వైపు చూశాడు. డెబ్భై ఎనిమిది డిగ్రీలు. తొంభై అయిదు తాకితే యంత్రం తనను తాను ఆర్పివేసుకుంటుంది. మార్కులన్నీ ఎక్కాయి గాని, రాజధానికి పంపే పని పావువంతే అయింది. అతని కళ్ళు ఎర్రబడ్డాయి, పళ్ళు పటపటలాడాయి. గుండెల్లో భగ్గున లేచిన మంటకు బయటికి దారి కావలసివచ్చింది. సరిగ్గా ఆ క్షణాన గుమ్మంలో తానియెలా ప్రత్యక్షమయ్యాడు.

"తానియెలా! బుద్ధుందా నీకు? ఊపిరాడే యంత్రానికి ఎవడైనా దుప్పటి కప్పుతాడా? ఇంత వయసొచ్చింది, తెలీకపోతే అడగొద్దా?"

తానియెలా ఆ గుడ్డవైపు, అత్తవైపు, మళ్ళీ కెలెపివైపు చూశాడు. "నేనెప్పుడు కప్పానన్నా?"

"నోర్ముయ్! నువ్వే!"

"సరే, నేనే," అన్నాడు తానియెలా, పరిస్థితి బోధపడి. "అయితే తీసెయ్యనా?"

"తియ్యి, చూస్తాను," అంది అత్త శాంతంగా. తానియెలా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అత్త మేనల్లుణ్ణి మెచ్చుకోలుగా చూసింది. "బాగా గడ్డి పెట్టరా వాడికి. ఈ కాలం కుర్రాళ్ళకి మర్యాదంటే ఏంటో తెలీదు."

ఇక దిక్కు పెద్దలొక్కరే అనుకుని కెలెపి వరండాలో పరుగెత్తి, ప్రధానోపాధ్యాయుడైన పాస్టరు మనాసెను చేయి పట్టుకుని లాక్కువచ్చాడు. మనాసె వాగ్ధాటికి ఆ దీవిలో ఎదురులేదు. ఆయన తల వంచి, గొంతు సవరించుకుని ప్రారంభించాడు.

"అమ్మా మెలెనైతే! ఈ ఇనప పెట్టె ఎంత, దీని బతుకెంత? మీ తల్లిగారి చేతి వస్త్రం మొయ్యడానికి దీనికేం యోగ్యత ఉంది? ఈ గౌరవం దీనికి చాలా బరువు తల్లీ!"

కోరవలసిన పద్ధతి అదే, కాదనలేము. అయితే పుచ్చుకునేవాడు యోగ్యత లేదన్నప్పుడు ఇచ్చేవాడు ఇంకొంత ఇచ్చి ఆ యోగ్యతను నిరూపించడం కూడా ఆ దేశపు పద్ధతే. అత్త కళ్ళు చెమర్చాయి. "అంతమాట అనకండి పాస్టరుగారూ. మావాడి యంత్రానికి యోగ్యత లేదంటే మా ఇంటికి లేనట్టేగా?" అంటూ లేచి, తన నడుముకున్న సన్ననేత చాపను విప్పి, నారబట్ట మీదుగా ర్యాకుకు రెండు చుట్లు చుట్టి ముడివేసింది.

ఎనభై మూడు.

"తీయించమంటే ఇంకోటి చుట్టించారేంటండీ!" అని కెలెపి పాస్టరు చెవిలో బుసకొట్టాడు.

"నన్నేం చెయ్యమంటావోయ్? పోనీ, ఇంకాస్త వినయంగా అడగనా?"

"వద్దు! మీ వినయానికి ఇంట్లో ఉన్న చాపలన్నీ దిగుతాయి!"

మార్కుల కబురు కోసం పిల్లల తల్లిదండ్రులు మధ్యాహ్నం నుంచీ బయట చెట్ల నీడన కూర్చుని ఉన్నారు. ఊరక ఉండలేని తానియెలా కిటికీలోంచి వారికి అంకెలు చదవసాగాడు.

"ఎనభై అయిదు!"

"మార్కులా?" అని ఒక తండ్రి ఆశగా అడిగాడు.

"జ్వరం! సర్వరుకి జ్వరం. తొంభై అయిదొస్తే పోతుంది, మార్కులతో సహా!"

ఆ మాట వేళాకోళానికే అన్నాడు. కాని ఒంట్లో బాగాలేనివారిని చూడడానికి వట్టి చేతులతో వెళ్ళే అలవాటు, వెళ్ళి ఊరక నిలబడే అలవాటు అక్కడివారికి లేదు. ఐదు నిమిషాలలో ముప్పై మంది గదిలోకి చొరబడ్డారు. ఒకరి చేతిలో నేలపొయ్యిలోంచి అప్పుడే తీసిన చామాకు పొట్లాలు, ఇంకొకరి చేతిలో పొగలు కక్కే పెండలం ముక్కల బుట్ట.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? అది యంత్రమండీ బాబూ, యంత్రం!"

"యంత్రమైతే ఏంటయ్యా? మా పిల్లల ఏడాదంతా దాని కడుపులోనే ఉందిగా," అంది ఒక తల్లి. ఏడాది తరువాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది. ఆ మాట వెనువెంటనే ఆమే కీర్తన అందుకుంది. ముప్పై గొంతులు నాలుగు శ్రుతులలో కలిశాయి. వారు అద్భుతంగా పాడారు, పాడినంతసేపూ వేడి ఊపిరి విడిచారు. తలుపు మూయడానికి వీలులేక చల్లగాలి ఉన్నదంతా వరండాపాలైంది.

తొంభై ఒకటి. గంట మూడు నలభై.

కెలెపి తిట్టగలిగినంతవరకు తిట్టాడు. బుట్టలు తెచ్చినవారిని తిట్టి బుట్టలు బయట పెట్టించాడు. పాడినవారిని తిట్టి వరండాలోకి తరిమాడు. ప్రార్థన మధ్యలో ఉన్న పాస్టరును "ఆమెన్ అనండి, చాలు!" అని కసిరి గుమ్మం దాటించాడు. ఒక్కొక్కరూ మొగం మాడ్చుకుని వెళ్ళారు. గది ఖాళీ అయింది, తలుపు మూతపడింది. తొంభై రెండు. గదిలో మిగిలింది తానియెలా, అత్త, అత్త కప్పిన మర్యాద.

"అత్తా, మీకు దణ్ణం పెడతాను. తియ్యండి."

"ఒకసారి కప్పింది మర్నాటిదాకా తియ్యకూడదురా. అరిష్టం."

"మర్నాటికి పిల్లల బతుకులు తెల్లారిపోతాయి!"

"గొంతు తగ్గించు."

అప్పుడు జరిగింది జరగరానిది. నలభై ఏళ్ళుగా ఏ మేనత్త ఎదుటా పెదవి విప్పని కెలెపి "ఎందుకు తగ్గించాలి!" అని కొండ దద్దరిల్లేలా అరిచాడు. ముడి తెంపాడు. చాప లాగాడు. నాయనమ్మ నాటి నారబట్టను రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజాడు. అది చర్రుమని మూర పొడుగున చిరిగి నేలమీద పడింది. "ఇదిగో, దీనివల్లే! మీవల్లే! పోయినేడు యంత్రం చంపింది నన్ను, ఈ యేడు మీరు!"

వరండాలో గుసగుసలు ఆగిపోయాయి. అత్త చిరిగిన అంచువైపే చూస్తూ ఉండిపోయింది.

సర్వర్ మాత్రం మునుపటిలాగే కీచుమంటున్నది. తొంభై మూడు. కెలెపి తెరను చూశాడు, నేలమీది బట్టను చూశాడు, మళ్ళీ తెరను చూశాడు. తొంభై నాలుగు. నిందించడానికి గదిలో ఇంకొక వస్తువేదీ లేదు.

"తానియెలా, ఎందుకురా ఇంకా..." అంటూ అతడు తెర దగ్గరికి వంగాడు.

మెలెనైతే మోకాళ్ళమీద చేతులూని మెల్లగా లేచింది. సర్వర్ ముందు వంగి, దాని మూతిమీద గోరు ఆన్చి, ఒక మూల గీరింది. అద్దంలాంటి పల్చని ప్లాస్టిక్ పొర ఒకటి ఆ మూల లేచింది. ఆమె దాన్ని పట్టుకుని ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఫర్రున ఒలిచింది. లోపలికి గాలి పీల్చే రంధ్రాలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. దారిలో దుమ్ము పడకుండా పంపినవారు అంటించిన పొర అది. ర్యాకులో బిగించేముందు తీయవలసినది. పెట్టె చీల్చే ఆవేశంలో కెలెపి దాని ఉనికినే గమనించలేదు.

తొంభై. ఎనభై ఏడు. ఎనభై. కీచు ఆగింది.

"అత్తా... అది ఉందని మీకు..."

"మధ్యాహ్నం రాగానే చూశాను. కొత్త ఇస్త్రీపెట్టెకీ ఉంటుందిగా," అంది అత్త, ఆ పొరను చేతిలో ఉండలా చుడుతూ. "మర్యాదకి నువ్వే కప్పావనుకున్నా. ఇంత పెద్దదానికి ఇంత పల్చటి గుడ్డ కప్పాడు, ఊళ్ళోవాళ్ళు చూస్తే మన ఇంటి పరువేం కాను అని మా అమ్మ బట్ట తెచ్చాను."

మూడు యాభై ఏడుకు రాజధానినుంచి జవాబు వచ్చింది, నలభై ఒక్కమంది మార్కులూ అందినట్టు. తానియెలా కిటికీలోంచి ఆ సంగతి అరిచాడు. బయట కీర్తన మళ్ళీ మొదలైంది. ఈసారి నోరు మూయమన్నవారు లేరు.

కెలెపి మూలనున్న చాపను తీసి నడుముకు కట్టుకున్నాడు. అత్త పాదాల దగ్గర నేలమీద కూర్చుని, నుదురు నేలకు తాకేదాకా వంగాడు.

"ఇంక లేవరా," అంది అత్త. "మీ నాన్నా అంతే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని, కనపళ్ళేదని ఇంటిల్లిపాదినీ తిట్టేవాడు. బట్ట కుట్టుకోవచ్చు. సూదీ దారం నువ్వే పట్టాలి, నా ముందు కూర్చుని. నాకు నచ్చేదాకా విప్పి మళ్ళీ కుట్టాలి."

"అలాగే అత్తా."

"కోపం రాదూ?"

"రాదత్తా," అన్నాడు కెలెపి పళ్ళు బిగించి.

మరమ్మతు జరిగిన ప్రతిసారీ సర్వర్ అమ్మినవారికి ఒక నివేదిక పంపాలి. ఆ సాయంకాలం కెలెపి దాన్ని నింపడానికి కూర్చున్నాడు. లోపాన్ని సరిచేసిన నిపుణుల పేరు అన్నచోట మెలెనైతే అని రాశాడు. అర్హత అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించి, "మేనత్త" అని పూర్తిచేశాడు.