ముందే చెప్పిన స్తోత్రం

శుక్రవారం పొద్దున ఇడ్లీ తింటూ మార్కు తల్లికి మూడోసారి చెప్పాడు. "అమ్మా, ఇల్లు చూసేటప్పుడు బాగుందని అనకు. బాగలేదని కూడా అనకు. అసలు మనుషులతో ఒక్క ముక్క మాట్లాడకు. మూడింటిదాకా కూసుంటే చాలు."

"అట్లనే తియ్," అంది ఆరోగ్యమ్మ.

మూడింటికి ఏముందో మణుగూరులో చంటిపిల్లలకూ తెలుసు. ఆదివారం తప్ప రోజూ ఆ వేళకి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బండ పగలగొట్టడానికి బ్లాస్టింగ్ చేస్తారు. ఊళ్లో గిన్నెలు గలగలమంటాయి, నాసిరకం గోడలు బీటలు తీస్తాయి. పోయిన వేసవిలో మార్కు ఉంటున్న కిరాయి ఇంట్లో ఆ అదురుకే పైకప్పు పెచ్చు ఊడి, తొమ్మిది నెలల కూతురు అక్సా ఊయలకి జానెడు దూరంలో పడింది. ఆనాటి నుంచి మార్కు భార్య దీవెన పిల్లను వసారాలోనే పడుకోబెడుతోంది. మండలాఫీసు గుమాస్తాకి జీవితంలో ఒక్కసారే ఇల్లు కొనే యోగం. ఆ ఒక్కసారీ బీటల కొంప తగులుకుంటే ఇక అంతే సంగతులు.

బదిలీ మీద వెళ్లిపోతూ గని కార్మికుడు హాతీరాం అమ్ముతున్న ఇల్లు చూడ్డానికి లక్షణంగానే ఉంది. కాని అతనిది ఒకటే పట్టు. "ఆదివారం రాండ్రి సారూ, ఆదివారమే రాండ్రి." ఆదివారమే ఎందుకు? మార్కు అనుమానమంతా అక్కడే. అందుకే ఆఫీసుకి సెలవు పెట్టి, చెప్పాపెట్టకుండా శుక్రవారం రెండున్నరకి వెళ్లి తలుపు కొట్టాడు. కుసుమంచిలో తన పేర ఉన్న ఎకరం అమ్మి ఇస్తున్నది ఆరోగ్యమ్మే కాబట్టి ఆవిడను వదిలి వెళ్లే ధైర్యం చేయలేదు.

హాతీరాం కళ్లు నులుముకుంటూ తలుపు తీశాడు. "ఏంది సారూ, ఇయ్యాల వచ్చిండ్రు?"

"ఇటు పనుండి వచ్చినం అన్నా," అని అబద్ధమాడి మార్కు గోడల మీద పడ్డాడు. తట్టాడు, గోరుతో గీకాడు, కేలండర్లు ఎత్తి వెనక చూశాడు. ఎక్కడా బీట లేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. ఈమధ్యే పూడ్పించి ఉంటాడు దొంగ! ఈ గొడవలో తల్లిని మరిచిపోయాడు.

ఆరోగ్యమ్మ మాట తప్పలేదు. మనుషులతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నడి ఇంట్లో నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, దేవుడితో మాట్లాడింది. ఆవిడ వెళ్లే చర్చి స్త్రీల కూటంలో ఒక పద్ధతుంది. "ఇవ్వు ప్రభువా" అని అడిగితే నమ్మకం చాలనట్టు. ఇచ్చేశాడనుకుని ముందే స్తోత్రం చెప్పాలి.

"తండ్రీ, ఈ ఇల్లు మా చేతికి ఇచ్చినందుకు స్తోత్రం! ఈ గడపల మా అక్సాను నడిపించినందుకు స్తోత్రం! బేరం ముగించినందుకు స్తోత్రం! ఆమెన్!"

ఆవిడది చిన్న గొంతు కాదు. వింటున్న హాతీరాం ముఖం వెలిగిపోయింది. "ఓ మోతీ! అమ్మ ఒప్పుకున్నది! దేవుని ముంగట చెప్పింది! జల్దీ బెల్లం తే!" అని పెళ్లాన్ని కేకేశాడు.

మార్కు పరుగెత్తుకొచ్చేసరికి మోతీ బేరం కుదిరిన గుర్తుగా ఆరోగ్యమ్మ నోట్లో బెల్లం ముక్క పెట్టేసింది. కేక విని వాకిలి నిండా ఇరుగుపొరుగు చేరారు. ఒకాయన మార్కు చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒకావిడ, మీ కోళ్లను మా పెరట్లోకి రానిస్తే ఊరుకునేది లేదని అప్పుడే హెచ్చరించింది. వెనక సందులో ఉండే జంపయ్య గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"ఏందిరా హాతీరాం! నెలదినాల సంది నేను తిరుగుతుంటే సారుకు అమ్మినవా?"

"తిరిగినవ్. ఒక్క మాట తేల్చినవా? ఈ అమ్మ నిలవడ్డకాడ తేల్చింది."

గోడ గడియారంలో మూడుకి పది తక్కువ. ఇంకాసేపట్లో ఈ గోడ పగిలితే, ఇంతమంది సాక్షిగా అది తన గోడ!

"అన్నా, ఆగు! మేం కొనలే. అమ్మ అన్నది ఉత్త ప్రార్థన."

"ఉత్తదా?" ఆరోగ్యమ్మకి బెల్లం గొంతులో అడ్డం పడింది. "నా ప్రార్థన ఉత్తదారా?"

"అమ్మ దేవుని ముంగట అబద్ధం చెప్తదా సారూ?" హాతీరాం గొంతు మారింది.

"అబద్ధం కాదన్నా. అడిగింది, అంతే."

"ఇచ్చినందుకు అన్నది. నేను ఈ చెవులతోని విన్న."

"మా దగ్గర గట్లనే అడుగుతరు!"

"ఇచ్చినందుకు అని అడుగుడేంది?" అన్నాడు జంపయ్య. ఎవరికీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన మార్కుకీ అర్థం కాలేదు.

ఇంతలో బ్లాస్టింగ్‌కి ముందు మోగే గని సైరన్ మోగింది. మార్కు పై ప్రాణాలు పైనే పోయాయి.

"వద్దు! మాకొద్దీ ఇల్లు! జంపయ్యకే ఇచ్చుకో!" అని అరిచాడు.

జంపయ్య మళ్లీ అడిగించుకోలేదు. జేబులోంచి నూటపదహార్లు తీసి బయానా అంటూ హాతీరాం చేతిలో కుక్కాడు. మోతీ మిగిలిన బెల్లం జంపయ్య నోట్లో పెట్టింది.

ధడాల్! కాళ్ల కింద నేల అదిరింది. పక్కింటి రేకులు గడగడలాడాయి. ఎదురింటి గోడ నుంచి సున్నం జలజలా రాలింది. మార్కు తలమీద రెండు చేతులూ పెట్టుకుని పైకి చూశాడు. హాతీరాం ఇంట్లో అగరుబత్తి కొసన వేలాడుతున్న బూడిద కూడా రాలలేదు.

"ఇరవై ఏండ్లు గనిల చేసినోణ్ని సారూ," అన్నాడు హాతీరాం నొచ్చుకుంటూ. "ఈ అదురు తెలిసే నడుములోతు పునాది తీయించిన. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పండుకుంటే బ్లాస్టింగ్‌కు నాకు మెలకువ గూడ రాదు. ఆ నిద్ర చెడగొట్టొద్దనే ఆదివారం రమ్మన్న."

పైన దూలానికి ఊయల కొక్కెం కూడా ఉంది. దాన్ని చూస్తుంటే మార్కుకి ఏడుపొచ్చింది.

దారిలో తల్లి మీద విరుచుకుపడ్డాడు. "అంతా నీ స్తోత్రం వల్లనే అమ్మా!"

"నా స్తోత్రానికి ఏమైందిరా? దేవుడు ఇల్లు ఇచ్చిండు. బెల్లం గూడ పెట్టించిండు. వద్దన్నది నువ్వు."

ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆరోగ్యమ్మ ఇంకో ఇంటి కోసం ముందే స్తోత్రం చెబుతోంది, బేరం నాడు మార్కుకి ఆఫీసులో సెలవు దొరకకుండా చేసినందుకు కూడా కలిపి.